గొంతు వణికితే బయటికి రాకు

"ఆ నడిమి రాయి ఊడితే ఎవరి నెత్తిన పడుతుందిరా?"

"ఎవరి నెత్తినా పడదక్కా. ఏడెనిమిది వందల ఏళ్ళుగా పడనిది, నువ్వొచ్చావని ఇవాళ పడుతుందా?"

"అదే నేననేది. అన్నేళ్ళు పట్టుకుని పట్టుకుని దానికీ విసుగొచ్చి ఉండదూ?"

పాత నగరంలో మిగిలిన ఒకే ఒక్క కోట గుమ్మం ముందు, ఎండ నడినెత్తిన ఉన్న వేళ, ఆరేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది ఆ తల్లి. పక్కన తమ్ముడు. కమాను నీడలో, రాతి అరుగు మీద కూర్చుని గుమ్మం కాపలాదారు వాళ్ళనే చూస్తున్నాడు.

"అమ్మా, రాయికి విసుగొస్తుందా?"

"నువ్వు నా చెయ్యి వదలకు పిట్టా. ఆ రెండో చెయ్యి మావయ్యకివ్వు."

"రెండు చేతులూ ఇచ్చేస్తే ముక్కు ఎలా తుడుచుకోను?"

"చూశావా అక్కా? నీ కడుపున లాయరు పుట్టింది."

"నువ్వు నవ్వకు. సెలవు రోజు హాయిగా ఇంట్లో పడుకోక, ఈ రాళ్ళ గుట్ట చూపిస్తానని ఇంతదూరం లాక్కొచ్చావు."

"దాని పుస్తకంలో ఈ గుమ్మం బొమ్మ ఉందక్కా. నెల్లాళ్ళుగా ఒకటే నస. కుట్టు దుకాణం, ఇల్లు, ఇల్లు, కుట్టు దుకాణం. ఇంకెక్కడికైనా తీసుకెళ్ళావా దాన్ని?"

"దుకాణంలో ఏం తక్కువ? గుండీలతో ఆడుకుంటుంది."

"ఎక్కడి గుండీలు? మింగుతుందని ఆ డబ్బా అటకెక్కించావుగా."

"మింగితే? ఏమైనా అయితే నువ్వొస్తావా?"

"నేనే వస్తాను. ఇంకెవరొస్తారు? లిఫ్టులు బాగుచేసుకునేవాణ్ణి, నీ ఇంటికి ఎన్నిసార్లు మధ్యలో పని ఆపి పరుగెత్తుకొచ్చానో లెక్కుందా? ఒకసారి గ్యాసు వాసనని. వెళ్ళి చూస్తే అది పక్కింటివాళ్ళ రంగు వాసన."

"నువ్వు బాగుచేసిన లిఫ్టులు కాబట్టే నేను మెట్లెక్కుతాను."

"మావయ్యా, నిన్ను వెక్కిరించింది!"

"విన్నానులేవే."

"రండి తల్లీ, రండి. అంత దూరం నుంచి మెడ నొప్పెట్టేలా చూడ్డమెందుకు? కిందకొచ్చి చూడండి. ముప్పై ఏళ్ళుగా ఈ కమాను కిందే కూర్చుని అన్నం తింటున్నా. ఒక్క ఇసుక రవ్వ నా గిన్నెలో పడలేదు."

"అయ్యో బాబాయ్ గారూ, అలా పైకి అనేయకండి. అన్న రోజే పడుతుంది."

"పడితే ఏరి పారేసి తింటాను. దా పాపా. ఇదిగో, ఇక్కడ రాయి మీద రెండు గాడులు కనబడుతున్నాయా? బళ్ళు పోయీ పోయీ చక్రాలు అరగదీసినవి. ఆ బయట పల్లం ఉందే, అది కందకం. నీళ్ళు నింపి మొసళ్ళని వదిలేవాళ్ళట."

"మొసళ్ళా? ఇప్పుడున్నాయా?"

"ఇప్పుడు సైకిళ్ళు పెట్టుకుంటున్నారు తల్లీ."

"తాతా, తలుపుకి ఆ మేకులెందుకు?"

"బయటినుంచి గుద్దేవాడికి గుచ్చుకోవాలని."

"తాకకు! తుప్పు! వేలు తెగిందంటే సూదిమందే ఇక."

"తాకలేదమ్మా, వేలితో చూపించా. తాతా, పైన ఆ కంతలేంటి?"

"శత్రువులు ఈ కమాను కిందికి రాగానే, పైనుంచి వాటిల్లోంచి మరిగే నూనె పోసేవాళ్ళు."

"పిల్లకి ఇలాంటివా బాబాయ్ చెప్పేది? రాత్రికి పక్క తడుపుతుంది."

"తడపను. తాతా, పోసేవాళ్ళకి చెయ్యి కాలదా?"

"ఇదిగో, అచ్చం మా అక్కే! పోయించుకునేవాడి సంగతి వదిలేసి, పోసేవాడి చెయ్యి గురించి బెంగ!"

"పైకెళ్ళి చూడచ్చా తాతా?"

"ఇప్పుడు కాదమ్మా. మరమ్మతు జరుగుతోంది. అందుకే మెట్లకి గొలుసు కట్టాం. పనివాళ్ళకీ ఇవాళ సెలవు."

"విన్నావుగా? పైకి లేదు, కిందకి లేదు. చూడ్డం అయింది, ఇక పదండి."

"అక్కా, వచ్చి రెండు నిమిషాలు కాలేదు. ఒక్క ఫోటో. నువ్వు ఆ గాడుల దగ్గర నిలబడు. పిట్టా, నువ్వు ఇటు. ఇంకొంచెం ఇటు. చెయ్యి వదిలెయ్ అక్కా, ఫోటోలో ఖైదీని పట్టుకున్నట్టుంది."

"ఒక్క నిమిషమే. తీయి త్వరగా."

"నవ్వు."

"నవ్వుతున్నా."

"అది నవ్వా? పన్ను పీకించుకుంటున్నట్టుంది. కొంచెం..."

"తల్లీ, బండి! ఇటు జరుగు, ఇటు!"

"అమ్మో! వదలండి! వదలండి నన్ను! అమ్మో!"

"వదిలితే వాడి చక్రం కింద ఉండేదానివి! కళ్ళు నెత్తికెక్కిన వెధవ, కమాను కింద అంత జోరా? తల్లీ, దెబ్బ తగిలిందా?"

"లేదు. లేదు బాబాయ్. మీరు ఒక్కసారి చెయ్యి పట్టి లాగేసరికి... ఏమనుకోకండి, అరిచేశాను."

"నేనేమనుకుంటాను? చూడు, భుజం పట్టేసినట్టుంది నీకు."

"భుజం సరే. పిట్టేదీ?"

"నీ దగ్గరే కదక్కా?"

"నా దగ్గరేంటి? చెయ్యి వదలమంది నువ్వు కాదూ? పిట్టా! ఒసే పిట్టా! బండి... ఒరేయ్, ఆ బండి..."

"కాదక్కా, చూడు, రోడ్డు మీద ఏమీ లేదు. ఖాళీగా ఉంది, చూడు. బండివాడు ఒక్కడే వెళ్ళాడు, నేను చూశాను."

"పిట్టా! పిట్టా!"

"పిట్టా! ఎక్కడున్నావే?"

"ఇద్దరూ కలిసి అరవకండి. ఈ కమాను కింద మాటలన్నీ ఉండకట్టుకుపోతాయి. నా మాట వినండి. రోడ్డు ఇటూ అటూ తిన్నగా ఉంది. ఇంతలో కనబడనంత దూరం ఏ పిల్లా పరుగెత్తలేదు. బయటికి పోలేదు. గుమ్మంలోనే ఎక్కడో ఉంది."

"తలుపు వెనక చూడు. ఒరేయ్, ఆ తలుపు వెనక! మేకులు..."

"చూశాను. లేదు. కందకం వైపూ లేదు."

"కాపలావాళ్ళ గూట్లో?"

"అక్కడ నా గొడుగే ఉంది తల్లీ."

"అక్కా, చెప్పు."

"ఏం చెప్పను రా? నాకేం తెలుసని చెప్పను?"

"అది కాదక్కా, చెప్పు! కాలి చెప్పు! పిట్టది!"

"ఎక్కడ?"

"ఇక్కడ, మెట్ల మీద. గొలుసు కిందనుంచి దూరినట్టుంది. ఉండు, ఒక్క నిమిషంలో ఎత్తుకొస్తా..."

"ఆగు! అబ్బాయ్, ఆగు. మూడో మెట్టు దాటావంటే... ఆగమంటున్నానా!"

"ఏంటి పెద్దాయనా?"

"కిందికి దిగు. మెల్లగా. తల్లీ, నువ్వు ఆ అరుగు మీద కూర్చో."

"నేను కూర్చోను. ఏమైందో చెప్పండి. పైన ఏముంది?"

"కూర్చుంటే చెప్తాను."

"కూర్చున్నా. చెప్పండి."

"ఈ మెట్లు పైకి వెళ్ళి రెండుగా చీలతాయి. ఎడమవైపు రాతి గది. పిల్ల అక్కడుంటే బెంగ లేదు, వెళ్ళి ఎత్తుకు రావడమే."

"కుడివైపు?"

"కుడివైపు గదికి నేల తీసేశారు తల్లీ. దూలాలు పుచ్చిపోతే మొన్ననే తీసేశారు. ఊరికే చెక్కలు పరిచి ఉంచారు. మేకులు కొట్టలేదు."

"పరిచి... కింద ఏముంది?"

"కింద మనమే ఉన్నాం. ఈ రోడ్డే."

"దేవుడా. ఎంత ఎత్తు రా అది? ముప్పై అడుగులుండదూ? ఉంటుంది. ఇంకా ఎక్కువే ఉంటుంది."

"అక్కా, పైకి చూడకు. పెద్దాయనా, నేను తేలిగ్గా అడుగేసుకుంటూ వెళ్తాను. నా పని ఎత్తుల్లోనే."

"నీ పని ఎత్తుల్లోనే అబ్బాయ్, కానీ నువ్వు ఎనభై కిలోలున్నావు. పిల్ల చెక్కకి ఆ చివర కూర్చుందనుకో. నువ్వు ఈ చివర అడుగు పెడితే ఏమవుతుంది?"

"తక్కెడలా లేస్తుంది."

"అదీ సంగతి. ఒకవేళ నువ్వు అడుగు పెట్టకపోయినా, ఎవరో వస్తున్న చప్పుడు వింటే బెదిరి వెనక్కి జరుగుతుంది. వెనక్కి ఎంత ఉందో దానికి తెలియదు."

"అక్కా, అగ్నిమాపక వాళ్ళకి ఫోను చేస్తున్నా. హలో... హలో... కోట గుమ్మం దగ్గర... అవును, పిల్ల... అరగంటా? అరగంటేంటండీ!"

"వాళ్ళొచ్చేలోగా మనం ఒక్కటి తెలుసుకోవాలి. ఎడమా, కుడా. కుడివైపయితే ఎవరమూ మెట్లెక్కకూడదు. గోడ బయటినుంచి, ఆ కిటికీకి నిచ్చెన వేయాలి. నిచ్చెన నా దగ్గరుంది. ఎడమయితే నేనే వెళ్తా. పిల్ల ఒక్క మాట పలికితే చాలు, నేను చెప్పేస్తా. రాతి గదిలో గొంతు గంటలా మోగుతుంది. చెక్కల గదిలో చప్పగా, మూట కట్టినట్టు వస్తుంది. పిలు తల్లీ."

"పిట్టా! అమ్మనే! పలకవే నా తల్లీ, ఎక్కడున్నావే, ఒక్కసారి పలుకు! నీకు దణ్ణం పెడతానే! పిట్టా!"

"ఉష్. వినండి."

"ఏమీ లేదు."

"పిట్టా, మావయ్యనే! ఆ బండివాడు వెళ్ళిపోయాడు. ఏం కాదు, పలుకు! నీకు ఐస్‌క్రీం కొనిపెడతా. రెండు! అమ్మకి తెలియకుండా!"

"ఏమీ లేదు రా. పడిపోయింది. తలకి తగిలి పడిపోయి ఉంటుంది. స్పృహ లేదు. నాకు తెలుసు, నాకు పొద్దున్నే కుడి కన్ను..."

"కాదు తల్లీ. విను. అదిగో. పైన గచ్చు రాలింది. కదులుతోంది. స్పృహలోనే ఉంది. మన మాటలు వింటోంది కూడా."

"వింటూ పలకదా? నోరు మూయమంటే మూయని పిల్ల! ఇంట్లో గోడలతో మాట్లాడుతుంది, అద్దంతో మాట్లాడుతుంది. ఎందుకు పలకదు? అక్కా? ఏంటలా అయిపోయావు?"

"ఏం లేదు."

"అక్కా."

"ఏం లేదన్నానుగా."

"ఏదో ఉంది. నీ మొహం నాకు తెలీదా? చెప్పు. చిన్నప్పుడు నాన్న గడియారం పగలగొట్టినప్పుడూ ఇదే మొహం."

"నేనే చెప్పాను రా."

"ఏం చెప్పావు?"

"పలకద్దని."

"ఎవరికి? పిట్టకా? ఎప్పుడు?"

"పరాయి మగాడెవడైనా నా చెయ్యి పట్టుకున్నాడనుకో, నేను అరిచాననుకో, నువ్వు అక్కడ నిలబడకు, పరుగెత్తి దాక్కో అని."

"పెద్దాయన నీ చెయ్యి పట్టుకుని లాగాడు."

"ఊఁ."

"నువ్వు వదలమని అరిచావు."

"అరిచాను. అరవనా మరి? నాకేం తెలుసు బండొస్తోందని?"

"ఈ వయసులో నేను పరాయి మగాణ్ణి అయ్యానా! మా ఆవిడ వింటే నవ్వుతుంది. సరే తల్లీ, నన్ను చూసి దాక్కుంది. బాగుంది. ఇప్పుడు పిలిచేది నువ్వేగా? కన్నతల్లి పిలిస్తే రాకూడదా?"

"నా గొంతు వణికితే రావద్దన్నాను బాబాయ్."

"ఏంటీ?"

"ఎవడైనా నన్ను బెదిరించి దాన్ని పిలిపించచ్చు కదా. మెడ మీద కత్తి పెట్టి, పిలువు నీ కూతుర్ని అనొచ్చు కదా. అందుకని... అమ్మ గొంతు వణుకుతోందంటే అది అమ్మ పిలుపు కాదు, దొంగ పిలిపిస్తున్నాడు, పలక్కు, కదలకు, బయటికి రాకు అని."

"ఆరేళ్ళ పిల్లకి ఎవరైనా ఇలాంటివి చెప్తారా అక్కా?"

"పేపర్లో చదివాను రా! ఎక్కడో ఒక తల్లిని సరిగ్గా అలాగే..."

"మరి నేను పిలిచాను కదా? నా గొంతేం వణకలేదే?"

"నీ గొంతు సంగతి కాదు రా."

"మావయ్య పిలిచినా పలకద్దన్నావా?"

"ఎవరు పిలిచినా అన్నాను. విడిగా నిన్ననలేదు."

"ఆ ‘ఎవరు’లో నన్నూ కలిపేశావు."

"ఇప్పుడా రా నీ అలకలు? పిల్ల అక్కడ గాల్లో ఉంటే!"

"ఎన్నిసార్లు చెప్పావు ఈ మాట? ఒకసారి చెప్తే మర్చిపోయి ఉంటుంది."

"రోజూ."

"రోజూనా!"

"జడ వేసేటప్పుడు. ఎక్కాలతోపాటు అప్పజెప్పించుకునేదాన్ని. ఎక్కాలు తప్పుతుంది గానీ ఇది ఒక్కనాడూ తప్పలేదు."

"పాఠం బాగా వచ్చింది తల్లీ నీ కూతురికి. ఏడవకు. ఏడిస్తే ఆ గొంతు ఇంకా వణుకుతుంది. ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. వణక్కుండా పిలవాలి."

"వణక్కుండానే మాట్లాడుతున్నాగా."

"ఇదా? అక్కా, నీ గొంతు నీ కుట్టుమిషన్‌లా టకటకా కొట్టుకుంటోంది."

"ఉండరా. పిట్టా... పిట్టా, రామ్మా... బంగారూ, ఇంటికెళ్ళి... ఇంటికెళ్ళి..."

"వణికింది."

"తెలుసు! నువ్వు చెప్పక్కర్లేదు!"

"మంచినీళ్ళు తాగు. మెల్లగా. మీద పోసుకుంటున్నావు తల్లీ, గ్లాసు ఇలా ఇవ్వు, నేను పడతాను. ఆఁ. అబ్బాయ్, నువ్వు వెళ్ళి నిచ్చెన తెచ్చి గోడకి ఆనకుండా పట్టుకుని నిలబడు. చప్పుడు చేయకు."

"పిలవడం నా వల్ల కాదు బాబాయ్, మీరు ఏదో ఒకటి చేయండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళు వద్దు, నా చొక్కా చూడు."

"చొక్కా ఏంటి?"

"కుట్టు పని చేస్తావుగా? ఏ చొక్కా తొడిగినా నాకు ఇక్కడ, చంక దగ్గర పిగిలిపోతుంది. ఎందుకంటావు?"

"నా పిల్ల ప్రాణం మీదికొస్తే మీకు చొక్కా గొడవా!"

"చెప్పు తల్లీ. ఎందుకు పిగులుతుంది?"

"ఎందుకేంటి, గుడ్డ చాలక. చెయ్యెత్తినప్పుడు లాగేస్తోంది."

"మా దర్జీ నా ఒళ్ళు పెరిగిందంటాడు."

"ఒళ్ళేం కాదు. చంక గుండ్రం చిన్నది కోశాడు. మీరు చెయ్యి కిందికి వేలాడేసి నిలబడితే కొలత తీసి ఉంటాడు. మీరేమో రోజంతా చెయ్యెత్తి అది చూడండి, ఇది చూడండి అని చూపిస్తారాయె. ఎత్తి పట్టుకుని తీయాలి కొలత."

"బాగుచేయడం కుదురుతుందా?"

"కుదరకేం? లోపల మడతలో రెండు వేళ్ళ గుడ్డ ఉంది. అది విప్పి, చంకలో చదరపు ముక్క వేస్తే ఇంక పిగలదు. బాబాయ్! కంతలోంచి ఇసుక పడింది! నా చేతి మీద!"

"దాన్ని చూడకు. చదరపు ముక్క ఎంత వేయాలి?"

"మూడంగుళాలు. ఏ కంతలోంచి పడిందో..."

"నడిమి కంత. దాన్నిబట్టి ఏమీ తెలియదు. మూడంగుళాలు చాలుతుందా?"

"చాలుతుంది. ఎక్కువైతే ఉండలా తగులుతుంది. అరగంట పని. విప్పివ్వండి, కుట్టిస్తాను."

"ఇక్కడ విప్పితే జనం గుమ్మాన్ని వదిలేసి నన్నే ఫోటో తీస్తారు."

"అబ్బ, ఊరుకోండి."

"అక్కా... నేనిక్కణ్ణుంచి వింటున్నా. ఆ చివరి నాలుగు మాటలు... వణకలేదు."

"నిజంగా?"

"నిజంగా. ఇప్పుడే పిలువు. ఇదే గొంతుతో."

"ఏమని పిలవను?"

"జరిగింది జరిగినట్టు చెప్పు తల్లీ. చెప్పి, ఏం కాదు అను."

"అది ఎలా అనను బాబాయ్? ఏమవుతుందో నాకే తెలియనప్పుడు?"

"తెలిసి ఎవరంటారు? నా బిడ్డకి ఒకసారి ఒళ్ళు కాలిపోతూ జ్వరమొచ్చింది. డాక్టరు పెదవి విరిచేశాడు. నేను వరండాలో నిలబడి మా ఆవిడతో ఏం కాదన్నాను. ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆమెకి ఆ మాట కావాలి, అంతే."

"బతికిందా?"

"మొన్న వచ్చి వెళ్ళింది. ఇద్దరు పిల్లలు. నువ్వు పిలువు ముందు."

"ఉండండి. చెంగుతో మొహం తుడుచుకోనీ. ఒరేయ్, నువ్వు అటు తిరుగు. నన్ను చూడకు. నువ్వు చూస్తే ఏడుపొస్తుంది."

"తిరిగాను."

"పిట్టా. అమ్మని. వినబడుతోందా? ఇందాక ఒక బండి జోరుగా వచ్చింది. నేను చూసుకోలేదు. తాత చూశాడు. నా మీద పడకుండా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. అంతే జరిగింది. నేనే తెలియక అరిచాను. దొంగ లేడు. ఇక్కడ నేనున్నా, మావయ్య ఉన్నాడు, చొక్కా చిరిగిన తాత ఉన్నాడు. నువ్వు పరుగెత్తి దాక్కోవడం మంచి పనే. నేను చెప్పినట్టే చేశావు. ఇప్పుడు లేవకు. ఎక్కడ కూర్చున్నావో అక్కడే కూర్చో. వెనక్కి జరక్కు, ముందుకీ జరక్కు. ఒక్క మాట పలుకు చాలు. ఏం కాదు పిట్టా. చీకటిగా ఉందా అక్కడ? ఉన్నా ఏం కాదు. చెప్పు పోయిందా? పోతే పోయింది, ఏం కాదు. నీకేం కాదు."

"అక్కా... ఒక్క చోట కూడా..."

"ఉష్."

కమాను కింద నీడ కదల్లేదు. తమ్ముడు నిచ్చెనని గోడకి తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు. కాపలాదారు కళ్ళు మూసుకుని, ఒక చెవి మెట్లవైపు పెట్టి నిలబడ్డాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. అప్పుడు, ఎడమవైపు నుంచి, రాతిలో గంట మోగినట్టు సన్నటి గొంతు వచ్చింది.

"మా అమ్మ ఎప్పుడూ ఏం కాదు అనదు. నువ్వెవరివి?"